‘మెటీరియల్ ఏది సార్?’

కొత్త బ్యాచ్ మొదలైన రోజు పిల్లలు ఫీజు సంగతి ఎత్తరు. అది ముందే ఫోన్లో తేలిపోయి ఉంటుంది. కూర్చోగానే అడిగేది ఒకటే: ‘మెటీరియల్ ఏది సార్?’ అమీర్‌పేటలో అయినా, విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర అయినా దానికి జవాబుగా చేతిలో పడేది ఒక లావుపాటి స్పైరల్ బైండింగ్. కొన్ని పాత కేంబ్రిడ్జ్ పేపర్లు, ఎవరు రాశారో తెలియని ఎస్సేలు, జీఆర్‌ఈ రోజుల నుంచి మిగిలిపోయిన పదాల జాబితా, వాట్సాప్‌లో తిరిగే ‘ఈ నెల స్పీకింగ్ టాపిక్స్’ అన్నీ అందులోనే ఉంటాయి. బరువుగా ఉంటుంది కాబట్టి ఇచ్చినవాళ్లకూ తృప్తి, పుచ్చుకున్నవాళ్లకూ తృప్తి.

ఆ బైండింగ్‌లో ఏ కాగితం ఎందుకు ఉండాలో, ఏది తీసేయాలో ఈ అధ్యాయంలో చూద్దాం. ఉదాహరణలన్నీ ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ నుంచే తీసుకుంటున్నాను. టోఫెల్, పీటీఈ చెప్పేవాళ్లకు కూడా లెక్క పెద్దగా మారదు. మారిన చోట చెబుతాను.

పేపర్లను పొదుపుగా వాడండి

కేంబ్రిడ్జ్ వాళ్ల ఐఈఎల్‌టీఎస్ ప్రాక్టీస్ పుస్తకాలు 1996 నుంచి వస్తున్నాయి. 2025లో ఇరవయ్యోది వచ్చింది. ఒక్కో పుస్తకంలో నాలుగు పూర్తి పరీక్షలు. మార్కెట్లో ఎన్ని గైడ్లున్నా వీటికి సాటి రావు. కారణం పేరు ప్రతిష్ఠలు కాదు. పరీక్ష తయారుచేసేవాళ్లు రాసే ప్రశ్న ఏదైనా అసలు పేపరులోకి వెళ్లే ముందు, దాన్ని కొందరు విద్యార్థుల మీద పరీక్షించి చూస్తారు. తెలివైనవాడిని కూడా తికమక పెట్టే అన్యాయపు ప్రశ్నలు అక్కడే రాలిపోతాయి. ఇంట్లో కూర్చుని గైడు రాసేవాడికి ఆ వెసులుబాటు లేదు.

అంత విలువైన పేపర్లను మనవాళ్లు ఎలా వాడతారు? రోజుకొకటి చొప్పున పంచేస్తారు. పొద్దున పరీక్ష, మధ్యాహ్నం కీ, సాయంత్రం మార్కులు వాట్సాప్ గ్రూపులో. నెల తిరిగేసరికి పుస్తకాలు అయిపోతాయి, కుర్రాడి స్కోరు మాత్రం ఆరు దగ్గరే ఉంటుంది. నలభై ప్రశ్నల పేపరు వాడికి ఏం రాదో చెబుతుంది గాని, రానిదాన్ని నేర్పదు. కీ చూసి ‘ఓహో, బీ కాదు, డీ’ అనుకోవడం వల్ల ఇంగ్లీషు పెరగదు.

ఒక విద్యార్థికి మొత్తం కోర్సులో పూర్తి పేపర్లు అయిదో ఆరో చాలు. మొదటి రోజు ఒకటి, సగంలో ఒకటి, చివరి రెండు వారాల్లో మిగిలినవి. ఆ చివరివాటికి కొత్త పుస్తకాలు అట్టే పెట్టండి. పాతవాటి పీడీఎఫ్‌లు ప్రతి హాస్టల్ గదిలోనూ ఉంటాయి. తరగతిలో మాట్లాడలేక నీళ్లు నమిలే అమ్మాయికి రీడింగ్‌లో ముప్పై ఎనిమిది వచ్చాయంటే మెచ్చుకునే ముందు ‘ఈ పేపరు ఇంతకుముందు చూశావా అమ్మా’ అని అడగండి.

మొదటి పేపరు చెప్పే కబురు

మొదటి రోజు పేపరు దిద్దాక వచ్చిన మార్కులు పక్కన పెట్టి తప్పులు చూడండి. లిజనింగ్‌లోనూ అకడమిక్ రీడింగ్‌లోనూ నలభైకి సుమారు ఇరవై మూడు వస్తే ఆరు, ముప్పై వస్తే ఏడు. అంటే పిల్లలు కొండంతగా చూసే ఆ ఒక్క బ్యాండు నిజానికి ఏడు ప్రశ్నల దూరం. ఆ ఏడూ ఎక్కడ పోతున్నాయో కనిపెడితే మెటీరియల్ దానంతట అదే తేలుతుంది. మూడో ప్యాసేజీ ముట్టుకోకుండా వదిలేసినవాడికి చదివే వేగం కావాలి. మూడూ చేసి అన్నిట్లోనూ తలా కొన్ని పోగొట్టుకున్నవాడికి పదాలు తక్కువ. జవాబు విని కూడా స్పెల్లింగు తప్పు రాసినవాడికి కొత్త పుస్తకం అక్కర్లేదు, పదిహేను రోజుల డిక్టేషన్ కావాలి. అందరికీ ఒకే బైండింగ్ ఇవ్వడంలోని ఇబ్బంది ఇదే.

పుస్తకం స్థాయి తేల్చడానికి ఒక చిన్న పద్ధతి ఉంది. చదివేది ఎవరి సాయమూ లేకుండా అర్థం కావాలంటే అందులోని పదాల్లో దాదాపు 98 శాతం ముందే తెలిసి ఉండాలని 2000లో హూ, నేషన్ అనే ఇద్దరు భాషా పరిశోధకులు చూపించారు. దీన్ని తరగతిలోకి తెచ్చుకోవడం తేలిక. ఒక ప్యాసేజీలో మొదటి వంద పదాలు చదివించి తెలియని వాటి కింద గీత గీయమనండి. రెండు గీతలుంటే ఇంటికి ఇచ్చి పంపవచ్చు. అయిదు దాకా ఉంటే మీరు పక్కనుండి చదివించాలి. పది దాటితే ఆ పుస్తకం ఇప్పటికి పక్కన పెట్టండి. సిగ్గుపడి తక్కువ గీసేవాళ్లుంటారు. వాళ్లను గీత లేని పదాల్లో రెండింటికి అర్థం అడిగితే తెలిసిపోతుంది.

బ్యాండు అయిదు దగ్గర ఉన్నవాళ్లకు పరీక్ష పేపర్లు కాకుండా కోర్సు పుస్తకం కావాలి. కేంబ్రిడ్జ్ వాళ్లదే ‘కంప్లీట్ ఐఈఎల్‌టీఎస్’ మూడు మెట్లలో దొరుకుతుంది: నాలుగు నుంచి అయిదు, అయిదు నుంచి ఆరున్నర, ఆరున్నర నుంచి ఏడున్నర. మన పిల్లలు మూడోదే అడుగుతారు. ‘నాకు ఏడు కావాలి కదా సార్’ అంటారు. వాడు ఇప్పుడున్న మెట్టు చూసి పుస్తకం ఇవ్వండి. కోరుకునే మెట్టు తర్వాత చూడవచ్చు. వాళ్ల నాన్న ఫోన్ చేసి ‘పక్క సెంటర్లో అడ్వాన్స్‌డ్ బుక్ ఇస్తున్నారటండీ’ అన్నా సరే.

వ్యాకరణం: ఏ పుస్తకం కాదు, ఏ పాఠాలు

మన ఇళ్లలో వ్యాకరణం అంటే రెన్ అండ్ మార్టిన్. 1935 నాటి ఆ పుస్తకం మీద నాకు గౌరవం ఉంది. వాక్యాన్ని ముక్కలు చేసి చూపడంలో దాని చెయ్యి తిరిగింది. కానీ మూడు నెలల్లో ఎస్సే రాయాల్సినవాడికి అది దారి తప్పిస్తుంది. రేమండ్ మర్ఫీ ‘ఇంగ్లీష్ గ్రామర్ ఇన్ యూజ్’ మేలు. ఎడమ పేజీలో వివరణ, కుడి పేజీలో అభ్యాసం. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చెప్పుకుంటూ పోతే మాత్రం అది కూడా వృథా.

తెలుగువాళ్లకు కావలసిన పాఠాలు వేరు. మన భాషలో ఆర్టికల్స్ లేవు, కాబట్టి ‘ఎ’, ‘ద’ల దగ్గర తడబాటు తప్పదు. ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’, ‘వుయ్ డిస్కస్డ్ అబౌట్ ఇట్’ లాంటివి మనకు తప్పుగా వినిపించను కూడా వినిపించవు. అన్నిటికంటే లోతైనది రిలేటివ్ క్లాజ్. ‘నిన్న వచ్చిన అబ్బాయి’ అంటాం మనం. వివరమంతా పేరుకు ముందే, క్రియ రూపంలోనే ఇమిడిపోతుంది. ఇంగ్లీషులో పేరు ముందు చెప్పి, ‘హూ’ తగిలించి, వివరం తర్వాత చెప్పాలి. ఈ తలకిందుల వరస అలవాటు కాక పిల్లలు ఆ నిర్మాణాన్నే తప్పించుకుంటారు. చిన్న చిన్న వాక్యాలు రాస్తారు, లేదా ‘వచ్చి, తిని, పడుకొని’ అన్నట్టు ‘అండ్’తో గొలుసు కడతారు. తప్పులేం లేకపోయినా రైటింగ్ ఆరు దగ్గర ఆగిపోయే పిల్లల సమస్య చాలాసార్లు ఇదే. రైటింగ్‌కి ఇచ్చే మార్కుల్లో పావు వంతు వ్యాకరణానిది. అక్కడ తప్పుల్లేకపోవడంతో పాటు నిర్మాణాల వైవిధ్యం కూడా చూస్తారు.

లండన్‌లో అచ్చయిన ఏ పుస్తకానికీ ఈ సంగతి తెలియదు. ఇక్కడ కావలసిన మెటీరియల్ మీరే తయారు చేసుకోవాలి. దానికి ముడిసరుకు మీ బల్ల మీదే ఉంది: దిద్దిన ఎస్సేలు. పేర్లు తీసేసి, ఒక్కో ఎస్సే నుంచి ఒక వాక్యం చొప్పున ఇరవై వాక్యాలు ఒక కాగితం మీదికి ఎక్కించండి. ఇలాంటివి వస్తాయి:

‘నవడేస్ మెనీ పీపుల్స్ ఆర్ హావింగ్ మొబైల్ ఫోన్స్ అండ్ దే ఆర్ యూజింగ్ ఇట్ ఫర్ మెనీ పర్పసెస్ అండ్ ఇట్ ఈజ్ వెరీ యూజ్‌ఫుల్.’

దీన్ని బోర్డు మీద రాసి మొదట తప్పులు పట్టమనండి. ‘పీపుల్స్’ ఎవరో ఒకరు పడతారు. ‘ఆర్ హావింగ్’ దగ్గర గది నిశ్శబ్దం. ‘ఫోన్స్’కి ‘ఇట్’ ఎలా వచ్చిందని మీరు అడగాల్సి వస్తుంది. ఆ తర్వాత అసలు పని: ‘అండ్’ అన్న మాట ఒక్కసారి కూడా వాడకుండా అంతా ఒకే వాక్యంలో చెప్పమనండి. ‘మోస్ట్ పీపుల్ నౌ ఓన్ ఎ మొబైల్ ఫోన్, విచ్ దే యూజ్ ఫర్ ఎవ్రీథింగ్ ఫ్రమ్ బ్యాంకింగ్ టు బుకింగ్ ట్రైన్ టికెట్స్’ దగ్గరికి వచ్చేసరికి అరగంట పడుతుంది. ‘మెనీ పర్పసెస్’ అన్న ఖాళీ మాట పోయి బ్యాంకు, రైలు వచ్చాయని కూడా చూపించండి. ఒక్క వాక్యంలో వ్యాకరణం, పదాలు, విషయం మూడూ కదిలాయి. ఇలాంటి కాగితం నెలకు రెండు తయారైతే ఏడాదిలో మీ దగ్గర ఎవరూ అమ్మని పుస్తకం ఉంటుంది.

ఒక ప్యాసేజీ, నాలుగు తరగతులు

రీడింగ్‌కి గంట సమయం, మూడు ప్యాసేజీలు, నలభై ప్రశ్నలు. ఇక్కడ ఎక్కువ మెటీరియల్ పంచే టీచరు కంటే ఒకే ప్యాసేజీని పిండేవాడే నేర్పగలడు. మొదటి రోజు ఇరవై నిమిషాల్లో పరీక్షలా చేయించండి. రెండో రోజు ప్రతి జవాబుకీ రుజువు వాక్యం కింద గీత గీయించండి. సరైన జవాబులకు కూడా. గుడ్డిగా కొట్టినవి అక్కడే బయటపడతాయి. మూడో రోజు నోటుబుక్కులో రెండు వరసలు: ప్రశ్నలో వాడిన మాట ఒక పక్క, ప్యాసేజీలో అదే అర్థానికి వాడిన మాట రెండో పక్క. పరీక్ష అంతా ఈ మాట మార్పిడి మీదే నడుస్తుంది కాబట్టి బజారులో దొరికే పదాల జాబితా కంటే ఈ నోటుబుక్కు గట్టిది. నాలుగో రోజు పిల్లలనే ప్రశ్నలు తయారు చేయమనండి.

‘ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్’ ఎందుకు తప్పుతుందో ఆ రోజు వాళ్లకే తెలుస్తుంది. ప్యాసేజీలో ‘మిల్లు కార్మికుల్లో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెలవాళ్లు’ అని ఉందనుకోండి. ‘కార్మికులందరూ పల్లెలవాళ్లే’ అంటే ఫాల్స్. ‘కార్మికులకు జీతాలు తక్కువ’ అంటే నాట్ గివెన్. రెండోదానికి పిల్లలు ట్రూ పెడతారు. మిల్లు కార్మికులకు జీతాలు తక్కువే కదా, తాత చెప్పాడు కదా! తమకు తెలిసిన లోకాన్ని ప్యాసేజీలోకి తెచ్చుకోవడమే అక్కడ దెబ్బ కొడుతుంది. గైడ్లలో ఈ రకం ప్రశ్నలే ఎక్కువ నాసిగా ఉంటాయి. ఈ మధ్య చాట్‌జీపీటీతో తయారు చేసేవాటిలోనూ అంతే: నాట్ గివెన్ అన్నదానికి జాగ్రత్తగా చూస్తే ఫాల్స్ అని రుజువు దొరుకుతుంది. యంత్రం చేత ఆర్టికల్స్ మీద ముప్పై ఖాళీలు తయారు చేయించుకోండి, హాయిగా పనికొస్తాయి. పరీక్ష ప్రశ్నలు మాత్రం వద్దు.

ఇంట్లో చదవడానికి ఏమివ్వాలన్నది మరో ప్రశ్న. ‘రోజూ హిందూ ఎడిటోరియల్ చదవండి’ అనడం మన దగ్గర తాతల నాటి ఆచారం. సివిల్స్‌కి మంచి మాటే. ఐఈఎల్‌టీఎస్‌కి అంత కాదు. అక్కడ ఇచ్చే ప్యాసేజీలు సామాన్య పాఠకుల కోసం రాసిన పుస్తకాలు, పత్రికల నుంచి వస్తాయి: తేనెటీగలు, పాత వంతెనలు, నిద్ర, గాజు తయారీ లాంటివి. ఎడిటోరియల్ రాజకీయాన్ని వాదిస్తుంది. ఇక్కడ కావలసింది ఒక విషయాన్ని వివరించే రాత. అదే హిందూలో సైన్స్ పేజీ ఉంది, దాన్ని చదివించండి. స్మిత్సోనియన్, నేషనల్ జియోగ్రాఫిక్ వ్యాసాలు కూడా ఆ తరహావే. పదాల కోసం జీఆర్‌ఈ జాబితా మాని ఎవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్ట్ ఇవ్వండి. అందులో 570 పద కుటుంబాలు. ‘ప్లెథోరా’ లేని ఎస్సేకి మార్కులు తగ్గవు. ‘సిగ్నిఫికెంట్’ని ఎక్కడ ఎలా వాడాలో తెలియని ఎస్సేకి తగ్గుతాయి.

వినడం

రికార్డింగు ఒక్కసారే వినిపిస్తారు. గొంతులు బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఉత్తర అమెరికా దేశాలవి. మన పిల్లల చెవి అమెరికన్ సిరీస్‌లకు అలవాటు పడింది, అదీ కింద సబ్‌టైటిల్ చదువుకుంటూ. బీబీసీ ‘సిక్స్ మినిట్ ఇంగ్లీష్’ మొదలుపెట్టడానికి మంచిది, రాత ప్రతి కూడా దొరుకుతుంది. రాత ప్రతి లేని ఆడియో పరీక్ష పెట్టడానికే తప్ప నేర్పడానికి పనికిరాదు. ఎక్కడ వినబడలేదో చూపించలేరు కదా. జిరాక్స్ పుస్తకాల పెద్ద లోపమూ ఇదే. ఆడియో ఉండదు, ఉన్నా వేరే పుస్తకానిది ఉంటుంది. పైగా రైటింగ్ టాస్క్ 1లో పై చార్టు ముక్కలన్నీ ఒకే నలుపులోకి దిగిపోతాయి. ఒక్క అసలు పుస్తకం కొనిపించడం న్యాయం, చవక కూడా.

రోజుకో నిమిషం డిక్టేషన్ పెట్టండి. బహువచనపు ‘ఎస్’ ఎంతమందికి వినబడదో చూసి ఆశ్చర్యపోతారు. అది పోతే ఆ మార్కు పోయినట్టే.

రాత, మాట

కేంబ్రిడ్జ్ పుస్తకాల వెనక అభ్యర్థులు రాసిన ఎస్సేలు, వాటికొచ్చిన బ్యాండు, ఎగ్జామినర్ వ్యాఖ్య ఉంటాయి. ఎవరూ తిప్పి చూడని పేజీలవి. అందరూ వెతికేది బ్యాండ్ 9 ఎస్సే. దాన్ని చదివి పిల్లాడు ‘అబ్బో’ అనుకుంటాడు, అంతకుమించి చేయగలిగింది ఉండదు. బ్యాండ్ 5.5 ఎస్సే చూపిస్తే ‘ఇది నాలాగే ఉందే’ అంటాడు. వ్యాఖ్య మూసిపెట్టి వాడి చేతే బ్యాండు వేయించండి, తర్వాత తెరవండి. దీనికి తోడుగా ఐఈఎల్‌టీఎస్ వాళ్లే ఉచితంగా ఇచ్చే బ్యాండ్ డిస్క్రిప్టర్లు ప్రింటు తీసి గోడకు అంటించండి. మీ మాట కంటే అది గట్టిగా పనిచేస్తుంది.

టెంప్లేట్ల సంగతి ఒక్క మాటలో: పెళ్ళికి అద్దె షేర్వాణీ వేసుకుని కింద హవాయి చెప్పులతో వచ్చినట్టుంటుంది, కంఠస్థం చేసిన ముందు పేరా కింద పిల్లాడి సొంత ఇంగ్లీషు. ఎగ్జామినర్‌కి ఆ తేడా కనబడకపోదు. బైండింగ్‌లోంచి ముందుగా తీసేయాల్సిన కాగితాలివే. స్పీకింగ్ టాపిక్స్ జాబితా మాత్రం ఉంచవచ్చు, కింద రాసిపెట్టిన జవాబులు చింపేసి. స్పీకింగ్ పదకొండు నుంచి పద్నాలుగు నిమిషాలు. దానికి కావలసిన ఖరీదైన మెటీరియల్ పిల్లల జేబులోనే ఉంది. రెండు నిమిషాలు ఫోన్లో రికార్డు చేసుకుని, తామన్నది తామే అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద పెట్టాలి. ‘యాక్చువల్లీ’ ఎన్నిసార్లు వచ్చిందో మీరు చెప్పక్కర్లేదు.

నర్సింగ్ చేసి బ్రిటన్ వెళ్లాలనుకునేవాళ్లు వస్తే ఇందులో సగం పక్కకు పోతుంది. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ ఐఈఎల్‌టీఎస్‌తో పాటు వైద్యరంగంవాళ్ల ఇంగ్లీషు పరీక్ష ఓఈటీని కూడా ఒప్పుకుంటుంది. ఓఈటీ రైటింగ్ అంటే కేసు నోట్సు చూసి రోగి గురించి మరో వైద్యుడికో నర్సుకో రాసే ఉత్తరం. వార్డులో పనిచేసిన అమ్మాయికి పర్యావరణం మీద ఎస్సే కంటే అది దగ్గర. ఏ పరీక్షో తేలాకే పుస్తకం.

కొనే ముందు ఏడాది చూడండి

కోఠిలోనో, విజయవాడ లెనిన్ సెంటర్లోనో పాత పుస్తకాలు చవగ్గా దొరుకుతాయి. ఐఈఎల్‌టీఎస్ అయితే ధైర్యంగా కొనొచ్చు. పరీక్ష రూపం పెద్దగా మారలేదు, బాగా తొలినాటి సంపుటాలు వదిలేస్తే చాలు. టోఫెల్ అలా కాదు. 2023 జులైలో పరీక్ష రెండు గంటల లోపుకు తగ్గి పాత ఎస్సే పోయింది. 2026 జనవరి నుంచి మళ్లీ మారింది: రీడింగ్, లిజనింగ్ జవాబులను బట్టి కఠినత మారుతుంది, స్కోరు ఒకటి నుంచి ఆరు వరకు. పీటీఈలో 2025 ఆగస్టులో రెండు కొత్త స్పీకింగ్ ప్రశ్నలు చేరాయి. ఈ రెండింటికీ పాత గైడు ఇవ్వడం అంటే లేని పరీక్షకు తయారు చేయడమే. ఆ బోర్డుల సొంత సైట్లలోని నమూనాలు చూశాకే ఏ పుస్తకమైనా.

చివరిగా, పిల్లవాడు పరీక్ష కాగితం మీద రాస్తాడా, కంప్యూటర్ మీదా అని అడగండి. కంప్యూటర్ అయితే లిజనింగ్ అయ్యాక జవాబులు ఎక్కించుకునే పది నిమిషాలు ఉండవు, సరిచూసుకోవడానికి రెండు నిమిషాలే. నెలల తరబడి జిరాక్స్ కాగితాల మీద పెన్సిలుతో గీతలు గీసినవాడు తెర మీద ప్యాసేజీ చూసి బిక్కచచ్చిపోతాడు. 250 పదాలు టైపు చేయడానికి ఒక వేలితో వెతుక్కునేవాళ్లు ఇంజనీరింగ్ చదివినవాళ్లలోనూ ఉన్నారు. కోర్సు సగానికి వచ్చాక ఎస్సేలన్నీ టైపు చేసే పంపమనండి, స్పెల్‌చెక్ ఆపేసి. చివరి రెండు పేపర్లు తెర మీదే, హెడ్‌ఫోన్లు పెట్టించి, మధ్యలో లేవనివ్వకుండా.